బేకన్ కొవ్వు ఏ డైట్‌లో ఇముడుతుంది? అనంతపురంలో నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో డైటీషియన్‌గా కూర్చుని పంది కొవ్వు గురించి ఇంత పొడుగు రాయాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. కొన్నేళ్ళ కిందటి వరకు నన్ను అడిగేదల్లా రాత్రికి సంగటి తినాలా, చపాతీ తినాలా అనే. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగాలు చేసే పిల్లలు శుక్రవారం రాత్రి బస్సెక్కి, ఐసు పెట్టిన డబ్బాలో బేకన్ ప్యాకెట్ తెస్తున్నారు. రెండు రోజులు కీటో (పిండిపదార్థం బాగా తగ్గించి కొవ్వు ఎక్కువ తినే డైట్) చేసి సోమవారం పొద్దున్నే వెళ్ళిపోతారు. ఇంట్లో మిగిలేది సగం ప్యాకెట్, గాజు సీసాలో తెల్లగా పేరుకున్న కొవ్వు. మంగళవారానికి ఆ సీసా ఫోటో నా ఫోన్‌కి వస్తుంది. "మేడం, ఇదేం చేయాల? పారేయాల్నా, తాళింపుకు వాడచ్చునా?"

ఒక్కొక్కరికీ విడిగా చెప్పి చెప్పి అలసిపోయాను. అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను.

బేకన్ కొవ్వంటే మామూలు పంది కొవ్వేనా?

పూర్తిగా కాదు. పంది పొట్ట భాగం మాంసానికి ఉప్పు, నైట్రైట్ (మాంసం చెడకుండా కలిపే లవణం), కొన్నిసార్లు చక్కెర పట్టించి ఊరబెట్టి, పొగ పట్టించి, పలచగా కోస్తే బేకన్. దాన్ని పెనం మీద వేయించినప్పుడు కరిగి కారేది బేకన్ కొవ్వు. పచ్చి కొవ్వు ముక్కల్ని సన్న మంట మీద కరిగించి వడగట్టితే వచ్చేది లార్డ్. దానికి పొగా లేదు, నైట్రైటూ లేదు. కేలరీల లెక్కలో రెండూ అక్కచెల్లెళ్ళే. ఆరోగ్యం లెక్కలో మాత్రం తేడా ఉంది, అది కిందికి వెళ్ళాక చెప్తాను.

ఒక చెంచాలో ఏముంటుంది?

పెద్ద చెంచా, అంటే 13 గ్రాములు తీసుకుంటే సుమారు 115 కేలరీలు. పిండిపదార్థం సున్నా, ప్రొటీన్ సున్నా. అందులో 5 గ్రాములు సంతృప్త కొవ్వు, 6 గ్రాములకు కాస్త తక్కువగా ఏక అసంతృప్త కొవ్వు. ఈ రెండోదాంట్లో ఎక్కువ భాగం ఒలీయిక్ ఆమ్లం. ఆలివ్ నూనెలోనూ, మన చెనిక్కాయ నూనెలోనూ ఉండేది అదే.

ఇంకో విషయం చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. బేకన్ ఎంత ఉప్పగా ఉన్నా, వడగట్టిన కొవ్వులో ఉప్పు చాలా తక్కువ. ఉప్పు కొవ్వులో కరగదు, మాంసంలోనే ఉండిపోతుంది. సీసా అడుగున నల్లటి మడ్డి ఉంటే మాత్రం ఉప్పు కూడా అందులోనే ఉందని లెక్క.

చెంచా అన్నానని ఏ చెంచా అయినా సరే అనుకోవద్దు. "రోజుకు రెండు చెంచాలే మేడం" అని ఒట్టేసి చెప్పిన ఒకాయన్ని, ఆ చెంచా తెచ్చి చూపించమంటే పప్పు గరిటె పట్టుకొచ్చాడు.

నెయ్యి కంటే నయమా?

సంతృప్త కొవ్వు ఒక్కటే చూస్తే, అవును, నయమే. చెంచాకు చెంచా పెట్టి చూడండి: కొబ్బరి నూనెలో 11 గ్రాముల పైన, నెయ్యిలో 8 గ్రాముల దాకా, బేకన్ కొవ్వులో 5, చెనిక్కాయ నూనెలో రెండు రెండున్నర. "పంది కొవ్వా, ఛీ" అని ముఖం తిప్పుకుని కాఫీలో కొబ్బరి నూనె గుమ్మరించుకునేవాళ్ళకు ఈ లెక్క నచ్చదు.

అయితే ఆ వరసలో చివర ఉన్నది ఏదో కూడా చూడండి. చెనిక్కాయలు పండే జిల్లాలో పుట్టి, గానుగ నూనె ఇంటి పక్కనే దొరుకుతుంటే, రోజువారీ వంటకు బెంగళూరు నుంచి కొవ్వు మోసుకు రావాల్సిన పని లేదు. రోజువారీ అనే మాట దగ్గరే నాకు పేచీ. ఎప్పుడో ఒకసారి రుచికి వేసుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

కీటోలో ఉన్నాను. ఇష్టమొచ్చినంత వాడచ్చా?

కీటో మొదట బరువు తగ్గడానికి పుట్టలేదు. 1920ల్లో అమెరికాలో మూర్ఛ వచ్చే పిల్లలకు వైద్యంగా మొదలైంది. పిండిపదార్థం రోజుకు 20 నుంచి 50 గ్రాముల లోపు పెట్టి, శక్తిలో నాలుగింట మూడు వంతులకు దగ్గరగా కొవ్వు నుంచే తీసుకుంటారు. అప్పుడు కాలేయం కొవ్వును కీటోన్లుగా మార్చి ఒంటికి, మెదడుకు అందిస్తుంది. బేకన్ కొవ్వులో పిండిపదార్థమే లేదు కాబట్టి ఆ చట్రంలో చక్కగా కూర్చుంటుంది. అంతవరకు నిజం.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, "కొవ్వు తింటేనే కొవ్వు కరుగుతుంది" అన్న మాటను పట్టుకుని కొవ్వును మందులా తాగడం మొదలుపెడతారు. రోజుకు 1500 కేలరీల కీటోలో కొవ్వు మొత్తం సుమారు 115 గ్రాములు. గుడ్లలో, చికెన్‌లో, మటన్‌లో, పనీర్‌లో ఉన్న కొవ్వు పోగా వంటకు మిగిలేది మూడు నాలుగు చెంచాలు. దాని మీద ఇంకో ఐదు చెంచాల బేకన్ కొవ్వు పోస్తే దాదాపు 575 కేలరీలు అదనం. కీటోన్లు వస్తాయి, బరువు మాత్రం కదలదు. అప్పుడు నా దగ్గరికొచ్చి "డైట్ పనిచేయలేదు" అంటారు. డైట్ పనిచేస్తూనే ఉంది, మన ఒంటి మీదున్న కొవ్వుకు పని లేకుండా చేసింది మనమే.

కీటో చేసేవాళ్ళకు నా లెక్క ఇది. వంట కొవ్వులో సగానికి పైగా చెనిక్కాయ, నువ్వుల నూనె లాంటివి ఉండాలి. బేకన్ కొవ్వు వారానికి రెండు మూడు సార్లు, ఒక్కో చెంచా. ఇది ఎక్కడా అచ్చయిన సూత్రం కాదు. రిపోర్టులు చూసి చూసి నాకు నేను వేసుకున్న గీత.

వీరమాచనేని రామకృష్ణ గారి పద్ధతిలో కొబ్బరి నూనె బదులు వాడచ్చా?

ఆ పద్ధతిలో రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు, మల్టీవిటమిన్ మాత్రలు అని మన జిల్లాలో చిన్నపిల్లలు కూడా చెప్తారు. 70 గ్రాములూ కొబ్బరి నూనెతోనే నింపితే సంతృప్త కొవ్వు 60 గ్రాముల దగ్గరికి పోతుంది. బేకన్ కొవ్వుతో నింపితే 27 గ్రాములు. 2000 కేలరీలు తినే మనిషికి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ పెట్టిన హద్దు 13 గ్రాములు. అంటే ఏది పోసినా హద్దు దాటినట్టే, ఎంత దూరం దాటామన్నదే తేడా. ఆ పద్ధతి చేయాలా వద్దా అని నేను ఇక్కడ తీర్పు చెప్పను. చేస్తే మాత్రం మొదలుపెట్టే ముందొకసారి, రెండు మూడు నెలలకొకసారి రక్తపరీక్ష చేయించుకోకుండా చేయొద్దు.

షుగర్‌కు మాత్రలు వేసుకుంటున్నాను. కీటో చేయచ్చా?

ఈ ఒక్క ప్రశ్నకు నేను ఫోన్‌లో జవాబు చెప్పను. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు వేసుకుంటూ పిండిపదార్థం ఒక్కసారిగా మానేస్తే, రక్తంలో షుగర్ పెద్దగా పెరగకుండానే కీటోయాసిడోసిస్ (కీటోన్లు మితిమీరి రక్తంలో ఆమ్లం పెరగడం) వచ్చే ప్రమాదం ఉంది. అది ప్రాణం మీదికి తెస్తుంది. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకు, గ్లిమిపిరైడ్ లాంటివి వేసుకునేవాళ్ళకు షుగర్ మరీ పడిపోవచ్చు. ముందు మందుల చీటీ తీసుకుని మీ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. బేకన్ సంగతి తర్వాత.

ఇవి తింటే రిపోర్ట్‌లో ఏం మారుతుంది?

మా గది పక్కనే ల్యాబ్. ఒక ఆదివారం రాత్రి మామూలుగా అన్నం, పప్పు తిన్నాయన, గట్టిగా మటన్, మందు వేసుకున్నాయన, ఇద్దరూ సోమవారం పొద్దున రక్తం ఇచ్చారు. ట్యూబులు తిప్పి ర్యాక్‌లో పెట్టాక ల్యాబ్ అబ్బాయి నన్ను పిలిచి చూపించాడు. ఒకదాంట్లో పైన తేరింది లేత పసుపు రంగులో, గాజులా ఉంది. రెండోదాంట్లో చిక్కటి మజ్జిగలా తెల్లగా ఉంది. ఆ తెలుపు ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో తిరిగే కొవ్వు. "రాత్రి తిన్నది ఇంత తొందరగా కనబడుతుందా" అని ఆ మటన్ తిన్నాయనే అడిగాడు. కనబడుతుంది. అందుకే రిపోర్ట్ సరిగా రావాలంటే 9 నుంచి 12 గంటలు ఏమీ తినకుండా రమ్మంటాం. ముందు రోజు విందులు కూడా వద్దంటాం.

కీటోలో చాలామందికి ట్రైగ్లిజరైడ్లు తగ్గుతాయి, ఎందుకంటే చక్కెర, అన్నం, మైదా మానేస్తారు. ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్ సంగతి అలా కాదు. కొందరికి కదలదు, కొందరికి కొంచెం పెరుగుతుంది, కొందరికి ఉలిక్కిపడేంత పెరుగుతుంది. ఎవరికి పెరుగుతుందో ముందే చెప్పలేం. పెరిగినవాళ్ళు మొదట చేయాల్సింది బేకన్ కొవ్వు, నెయ్యి, కొబ్బరి నూనె తీసేసి చెనిక్కాయ నూనెలోకి రావడం. "కీటోలో ఎల్‌డీఎల్ పెరిగినా ఏం కాదు" అన్న వీడియో నాకు పంపొద్దు. ఇప్పటికే చాలామంది పంపారు.

సిరిధాన్యాలు తింటున్నాం. అందులో వేసుకోవచ్చా?

ఖాదర్ వలీ గారు మన పొద్దుటూరు మనిషే. 2023లో పద్మశ్రీ వచ్చింది. కొర్రలు, అండుకొర్రలు, సామలు, అరికెలు, ఊదలు తినమని, గానుగ నూనెలు వాడమని ఆయన చెప్తారు. ఆ దారిలో బేకన్‌కు చోటు లేదు.

ఇంతకంటే పెద్ద చిక్కు వేరే ఉంది. పొద్దున కొర్ర అన్నం, మధ్యాహ్నం కీటో, రాత్రి ఫాస్టింగ్ అని మూడూ కలిపి చేసేవాళ్ళు నాకు వారానికి ఇద్దరైనా తగులుతారు. పచ్చి కొర్రలు 100 గ్రాముల్లో సుమారు 60 గ్రాములు పిండిపదార్థమే. పీచు ఎక్కువ కాబట్టి షుగర్ మెల్లగా పెరుగుతుంది, మంచిదే. కానీ కొర్రన్నం తిన్న రోజు మీరు కీటోలో లేరు. అటు పిండిపదార్థం, ఇటు గరిటెడు కొవ్వు, రెండూ నిండుగా పడితే అది డైట్ కాదు, పెళ్ళి భోజనం.

మంతెన సత్యనారాయణ రాజు గారి పద్ధతిలో?

ఉప్పు, నూనె లేకుండా వండుకోమనే చోట ఉప్పులో ఊరిన పంది కొవ్వు గురించి అడగడమే అన్యాయం.

పేలియో, కార్నివోర్ చేసేవాళ్ళు?

కార్నివోర్‌లో మాంసం, గుడ్లు, కొవ్వు తప్ప ఏమీ ఉండదు కాబట్టి బేకన్ కొవ్వు అక్కడ రాజు. ఆ డైట్‌ను నేను ఎవరికీ చెప్పను. పీచు అనేదే లేని తిండి మీద మనిషిని నెలల తరబడి ఉంచే ధైర్యం నాకు లేదు. పేలియోలో ధాన్యం, పప్పులు, పాలు ఉండవు, మాంసం ఉంటుంది. పేరు చెప్పి బేకన్ తెగ తింటారు గానీ, ఆ డైట్‌ను 2002లో పుస్తకంగా తెచ్చిన లోరెన్ కార్డెయిన్ కొవ్వు తక్కువున్న మాంసమే చెప్పారు, ఉప్పులో ఊరబెట్టినవి వద్దన్నారు. పుస్తకం రాసినాయనే వద్దన్నాక ఇంక నేనేం చెప్పేది.

బీపీ ఉంది. డాష్ డైట్ అని రాసిచ్చారు.

బీపీ కోసమే తయారైన డైట్ అది. కూరగాయలు, పండ్లు, పప్పులు, వెన్న తీసిన పాలు ఎక్కువ. సోడియం, సంతృప్త కొవ్వు తక్కువ. రోజుకు సోడియం 2300 మిల్లీగ్రాములు దాటకూడదు. రెండు చీలికల బేకన్‌తోనే సుమారు 300 మిల్లీగ్రాములు అయిపోతుంది. ఆ పక్కన ఊరగాయ, అప్పడం, ఊరుబిండి ఎలాగూ ఉంటాయి. వడగట్టిన కొవ్వులో ఉప్పు చాలా తక్కువన్నాను నిజమే, కానీ బేకన్ తినకుండా కొవ్వు ఒక్కటే తీసి పెట్టుకునే ఇల్లు నేనింతవరకు చూడలేదు.

ఆలివ్ నూనె, చేపలు, పప్పుధాన్యాలు ఉండే మెడిటరేనియన్ డైట్‌కూ ఇదే జవాబు. ఆలివ్ నూనె ధర చూసి కళ్ళు తిరిగితే చెనిక్కాయ నూనె, పప్పు, ఆకుకూర, చెరువు చేపలతో ఆ డైట్ స్ఫూర్తిని మనూళ్ళోనే పట్టుకోవచ్చు.

ఫాస్టింగ్‌లో కాఫీలో ఒక చెంచా వేసుకుంటే ఉపవాసం చెడుతుందా?

115 కేలరీలు లోపలికి పోయాక ఉపవాసం ఎక్కడుంది? కొవ్వుకు ఇన్సులిన్ పెద్దగా పెరగదన్నది వాస్తవమే, అందుకే కొందరు చెడదని వాదిస్తారు. కానీ పదహారు గంటలు ఏమీ తినకుండా ఉండటంలోని లాభమే మొత్తం కేలరీలు తగ్గడం. ఆ లాభాన్ని చెంచాతో వెనక్కి తీసుకోవడం ఎందుకు? పైగా పొగ వాసన వచ్చే కాఫీ. ఒకసారి తాగి చూశాను. ఫిల్టర్ కాఫీకి ఆ అవమానం చేయకండి.

బేకన్‌తో క్యాన్సర్ వస్తుందంటారు. కొవ్వుకూ అది వర్తిస్తుందా?

2015 అక్టోబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం, ఊరబెట్టి, పొగబెట్టి నిల్వచేసిన మాంసాలను ఒకటో వర్గంలో పెట్టింది. పొగాకు కూడా అదే వర్గంలో ఉంది. దాంతో "బేకన్ సిగరెట్‌తో సమానం" అని వాట్సాప్‌లో తిరిగింది. అది తప్పు. ఆ వర్గం చెప్పేది క్యాన్సర్ కలిగిస్తుందనడానికి ఆధారాలు ఎంత గట్టివన్నది మాత్రమే, ప్రమాదం ఎంత పెద్దదన్నది కాదు. లెక్క ఏమిటంటే, రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు ఉన్నదాని మీద సుమారు 18 శాతం పెరుగుతుంది. రోజూ అన్న మాట గమనించండి.

ఈ లెక్క మాంసానిది. కొవ్వు విషయంలో తెలుసుకోవాల్సింది ఇంకోటి ఉంది. నైట్రైట్ పట్టించిన మాంసాన్ని పెద్ద మంట మీద వేయిస్తే నైట్రోసమైన్లు అనే క్యాన్సర్ కారక పదార్థాలు పుడతాయి. అవి చీలికల్లోనే ఆగిపోవు, పెనంలో కరిగిన కొవ్వులోకి కూడా దిగుతాయి. పైన లార్డ్‌కూ దీనికీ తేడా ఉందన్నది ఇందుకే. వేయించేటప్పుడు చల్లటి పెనం మీద చీలికలు పరిచి, సన్న మంట పెట్టి, నిదానంగా కరగనివ్వండి. నల్లగా మాడిన కొవ్వును దాచుకోవద్దు. అదే కొవ్వును మళ్ళీ మళ్ళీ పొగలు వచ్చేలా కాచొద్దు.

ప్యాకెట్ మీద "నైట్రైట్ కలపలేదు" అని ఉంది. అయితే భయం లేదా?

పదార్థాల పట్టీ చదవండి. సెలరీ పొడో రసమో ఉందంటే, నైట్రైట్ ఆ దారిలో వచ్చింది. మాంసానికి అది ఫ్యాక్టరీదా, ఆకుకూరదా అన్నది తెలియదు.

చికెన్ బేకన్ నుంచి కొవ్వు వస్తుందా?

దాచుకునేంత రాదు. ఉప్పు మాత్రం తక్కువేం కాదు.

మా ఊళ్ళో కోసే పంది కొవ్వు తెచ్చి కరిగిస్తే?

నైట్రైట్ ఉండదు, పొగ ఉండదు, ఆ లెక్కన నాకు అదే ఇష్టం. కానీ ఊళ్ళో వదిలేసి తిరిగే పందుల మాంసం కంటే, షెడ్డులో దాణా పెట్టి పెంచిన సీమ పంది మాంసం తీసుకోండి. సరిగా ఉడకని పంది మాంసంతో పేగుల్లో బద్దెపురుగు చేరుతుంది. ఆ పురుగు ఉన్న మనిషి మలం నుంచి గుడ్లు నీళ్ళలోకో కూరగాయల మీదికో చేరి మన నోట్లోకి వస్తే, మెదడులో తిత్తులు ఏర్పడి మూర్ఛలు వస్తాయి. మాంసం పూర్తిగా ఉడికించాలి. చేతులు కడుక్కోవాలి. కొవ్వు కరిగించే వేడికి మాంసంలోని పురుగు తిత్తులు బతకవు, భయం పచ్చి మాంసం కోసిన కత్తితోనూ పలకతోనూ.

దేనిలో వేస్తే బాగుంటుంది?

కోడిగుడ్డు పొరటులో బాగుంటుంది. సన్నగా తరిగిన క్యాబేజీ, బీన్స్ వేపుడులో ఇంకా బాగుంటుంది. ఒక చెంచా కొవ్వు, ఎండుమిర్చి, నలగ్గొట్టిన తెల్లగడ్డలు, అంతే. ఉప్పు చివర్లో రుచి చూసి వేయండి. ఉగ్గానిలో వేసి చూశాను. బొరుగులు ఆ పొగ వాసనంతా పీల్చుకుని, పక్కన మిరపకాయ బజ్జీ రుచే తెలియకుండా చేశాయి. గోంగూరకు అస్సలు కుదరదు. జొన్నరొట్టె మీద వేడివేడిగా రాసుకుంటే బాగుంటుందని మా ఇంట్లో ఒకరి అభిప్రాయం. నాకు మాత్రం జొన్నరొట్టెకు ఊరుబిండే.

పిత్తాశయంలో రాళ్ళున్నవాళ్ళు, ఈ మధ్యే పిత్తాశయం తీయించుకున్నవాళ్ళు ఈ ప్రశ్నను దాటేసి కిందికి వెళ్ళండి.

అనంతపురం ఎండలకు ఎలా నిల్వ చేయాలి?

జనవరిలో సీసా బోర్లించినా కారదు, తెల్లగా వెన్నలా నిలబడుతుంది. ఏప్రిల్ వచ్చేసరికి అదే సీసా వంటగది అలమరలో పలచని నూనెలా ఊగుతూ ఉంటుంది. పంది కొవ్వు 30 నుంచి 40 డిగ్రీల మధ్య కరుగుతుంది, మన ఎండ 40 దాటుతుంది, ఇంకేం చెప్పాలి. అమెరికా వీడియోల్లో స్టవ్ పక్కన డబ్బాలో పెట్టుకుంటారని మనం పెట్టకూడదు.

కాస్త చల్లారాక, ఇంకా కారేటట్టు ఉన్నప్పుడే, పలచని నూలు గుడ్డలో వడగట్టండి. మాంసం తునక ఒక్కటి ఉన్నా ముందు అదే చెడుతుంది. తడి లేని గాజు సీసాలో పోసి, మూత బిగించి, తేదీ రాసి ఫ్రిజ్‌లో పెట్టండి. మూడు నెలలు బాగుంటుంది. పాత నూనె వాసనో, మైనం వాసనో వస్తే కక్కుర్తి పడొద్దు.

ఇంట్లో అత్తగారు తినరు. పక్కింటివాళ్ళు ముస్లింలు. ఏం చేయాల?

పెనం, గరిటె, సీసా వేరుగా పెట్టుకోండి. సీసా మీద పెద్ద అక్షరాలతో రాయండి. తెల్లగా గడ్డకట్టిన కొవ్వు చూడటానికి నెయ్యిలాగే, వనస్పతిలాగే ఉంటుంది. ఒకింట్లో పండగ పూట ఆ సీసా చూసి నెయ్యనుకుని ఓళిగల మీద వేయబోయి, వాసన చూసి ఆగిన సంగతి నాకు తెలుసు. ఆ కొవ్వుతో చేసినది ఏదైనా పక్కింటికి పంపే గిన్నెలో పెట్టకండి, చెప్పకుండా అసలే పెట్టకండి. ఒకరి నమ్మకం ముందు మన కీటో ఏపాటిది?

మిగిలిన కొవ్వు సింకులో పోసేయచ్చా?

వద్దు. పాత పేపర్లోకి ఎత్తి చెత్తబుట్టలో వేయండి. వేడినీళ్ళు పోస్తే కరిగిపోతుందిలే అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. సింకు కింద కరిగేది, పైపులో ముందుకు పోయాక మళ్ళీ గడ్డకట్టేది. డిసెంబర్లో ఒకరోజు నీళ్ళు దిగడం ఆగిపోయింది. ప్లంబర్ వంపు పైపు విప్పి, జానెడు పొడవున తెల్లటి కడ్డీ బయటికి లాగి, లైటు వెలుతురుకు పెట్టి చూసి అడిగాడు: "ఏంది మేడం, ఇంట్లో కొవ్వొత్తులు పోస్తా ఉండారా?"